ఠగ్గుల విచారణ: సాక్ష్యము, సత్యము

1816లో మద్రాసు నగరంలో వెలువడిన ఒక ఆంగ్ల వ్యాసంలో మన భాషకు చెందిన ఒక పదబంధం చోటు చేసుకున్నది. వ్యాసకర్త రిచర్డ్ షేర్వుడ్, సెయింట్ జార్జి కోటలో వైద్యుడు. బాటసారులతో చెలిమి నటించి, అదను చూచి మెడకు ఉరి బిగించి చంపి, సొమ్ము దోచుకొని, శవాలను పాతిపెట్టే ముఠాలను గురించి ఆయన ఆ వ్యాసంలో వివరించాడు. ఉత్తరాదిన ఠగ్గులు, దక్షిణాదిన ఫాన్సీగర్లు అని వ్యవహరింపబడిన వీరిని కన్నడిగులు ‘తంతి కళ్ళరు’ అని, తెలుగువారు ‘ఉర్లు వేసేవాండ్లు’ అని పిలుస్తారని నమోదు చేశాడు. ఆంగ్ల లిపిలో ఆ మాట ఎంత వికృతంగా అచ్చయినప్పటికీ, పిట్టలకు ఉరులొడ్డడం ఎరిగిన మన ప్రాంతపు చెవికి అది వెంటనే పట్టుబడుతుంది. ‘ఠగ్గు’ అనే మాటలో మోసం ఉన్నది. మన మాటలో ఉన్నది చేసే పని మాత్రమే. అందులో ఒక కులం పేరు గాని, ఒక మతం పేరు గాని, ఒక దేవత పేరు గాని లేకపోవడం గమనార్హం.

నేడు ఠగ్గు అనగానే మన కన్నుల ముందు నిలిచే రూపం వేరు. కాళికాదేవికి నరబలులిచ్చే ఒక రహస్య మతశాఖ, దానికి నాయకుడైన ఒక క్రూరుడు, వాని చేతిలో పసుపుపచ్చని చేతిరుమాలు. ఆంగ్ల నవలలు, చలనచిత్రాలు ఈ రూపాన్ని దేశదేశాలకు మోసికొనిపోయాయి. ఈ రూపం పుట్టిన చోటు గుడి కాదు, అరణ్యమూ కాదు. అది ప్రధానంగా న్యాయవిచారణ కాగితాలలో పుట్టింది. కనుక ఆ విచారణ ఏ విధంగా నడిచిందో, ఎవరి సాక్ష్యంపై నిలిచిందో తెలిసికొనకుండా ఠగ్గులను గురించి ఏ మాటా నిశ్చయంగా చెప్పజాలము. హత్యలు జరిగినవనుటలో సందేహం లేదు. ఆ హత్యలను రుజువు చేసిన సాక్ష్యం ఒకటి, ఆ హంతకులకు ఒక మతాన్ని, ఒక జన్మను అంటగట్టిన సాక్ష్యం మరొకటి. ఈ రెండూ ఒకే కట్టలో ఉన్నందువలన ఒకటే అని మనము పొరబడుతున్నాము.

ముందుగా మన ప్రాంతపు నాటి స్థితిని ఊహించుకొనవలె. 1800లో నిజాము కంపెనీ వారికి ఇచ్చివేసిన దత్తమండలాలలో ఆదోని సీమ ఒకటి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఆదోని తాలూకా, దానిలోని ఎమ్మిగనూరుతో సహా, బళ్ళారి జిల్లాలోనే ఉండేది. తుంగభద్రకు ఈవలి గట్టు కంపెనీది, ఆవలి గట్టున రాయచూరు సీమ నిజాముది. తూర్పున కర్నూలు నవాబు పాలన 1839 వరకు సాగింది. దక్షిణ దిక్కున కొంత దూరం పోతే మైసూరు. అనగా నాలుగు రోజుల నడకలో ఒక బాటసారి నాలుగు ప్రభుత్వాల హద్దులు దాటవచ్చును. థామస్ మన్రో ఈ దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్న 1800-1807 సంవత్సరాల నడుమ ఎనభై మందికి పైబడిన పాలెగాండ్రను అణచినట్లు చరిత్ర చెబుతున్నది. ఆ పాలెగాండ్ర కొలువులలోని బంట్లు ఏమయ్యారన్నది మనము తరగతిలో తరచుగా అడుగని ప్రశ్న. పత్తి అమ్మిన వర్తకుడు, నేత బట్ట అమ్మిన సాలె, సెలవుపై ఇల్లు చేరుతున్న సిపాయి, యాత్రికుడు, అందరూ రొక్కం నడుముకు కట్టుకొని నడవవలసినదే. బయలుదేరిన మనిషి రాకపోతే ఇంటివారు నెలల తరబడి ఎదురుచూచేవారు. నది దాటిన తరువాత ఎవరికి ఫిర్యాదు చేయాలో వారికి తెలియదు. శవం లేదు, ఫిర్యాది లేడు, హద్దు లేదు. ఇట్టి నేరాన్ని విచారించడం ఏ న్యాయస్థానానికైనా గడ్డు సమస్యయే. 1810లో ఉత్తరాదిన కంపెనీ సైన్యాధికారి ఒకరు సిపాయిలకు ఒక ఉత్తర్వు జారీ చేస్తూ, దారిలో కలిసే అపరిచితులను నమ్మవద్దని, రొక్కానికి బదులు హుండీలు తీసికొనిపోవలసినదని హెచ్చరించవలసి వచ్చింది.

మన ప్రాంతానికి దగ్గరలో జరిగిన తొలి విచారణ చిత్తూరుది. శ్రీరంగపట్టణం పతనమైన 1799లోనే బెంగళూరు పరిసరాలలో నూరుమంది ఫాన్సీగర్లు పట్టుబడ్డారు గాని, వారి వృత్తి ఏమిటో నాటి అధికారులకు పూర్తిగా అర్థం కాలేదు. 1807లో చిత్తూరు, ఆర్కాటుల నడుమ ఒక ముఠాలోని కొందరు పట్టుబడ్డారు. తిరువాన్కూరు వైపు పోయి దోచిన సొమ్ముతో తిరిగి వస్తున్న ముఠా అది. చిత్తూరు మేజిస్ట్రేటు రైట్ వారిలో కొందరి చేత నేరం ఒప్పించి, తోటివారి వివరాలు సేకరించాడు. షేర్వుడ్ వ్యాసానికి ఆధారం చాలవరకు ఈ సమాచారమే. సేకరించిన సమాచారంతో కోర్టులో నెగ్గడం మాత్రం అంత సులభం కాలేదు. దానికి కారణం ఆనాటి శిక్షాస్మృతి. ఈ విషయం మన కళాశాల విద్యార్థులు ప్రత్యేకంగా తెలిసికొనదగినది.

ఆ కాలంలో కంపెనీ ఫౌజుదారీ కోర్టులలో అమలులో ఉన్నది ఇస్లామీయ శిక్షాస్మృతి. దానికి కంపెనీ వారు తమ రెగ్యులేషనుల ద్వారా కొన్ని సవరణలు చేస్తూ వచ్చారు. న్యాయమూర్తి ప్రక్కన ఖాజీ, ముఫ్తీ కూర్చుండి ఫత్వా ఇచ్చేవారు. ఈ స్మృతిలో రెండు అంశాలు ఉరివేటగాండ్ర కేసులకు సంబంధించినవి. మొదటిది, హత్యాసాధనం. ఇమాం అబూ హనీఫా మతం ప్రకారం రక్తం చిందించే ఆయుధంతో చేసిన హత్యకే ఖిసాస్, అనగా ప్రాణానికి ప్రాణం. గొంతు నులిమి చంపితే దియత్, అనగా రక్తధనం. ఆయన శిష్యులైన అబూ యూసుఫ్, ముహమ్మద్ గారలు దీనితో ఏకీభవింపలేదు. పైగా మరల మరల గొంతు నులుముటయే వృత్తిగా గలవానికి పాలకుడు సియాసత్ అధికారంతో మరణశిక్ష విధించవచ్చునని హిదాయా గ్రంథమే చెబుతున్నది. కనుక ఇస్లామీయ న్యాయం ఉరివేటగాండ్రను వదలిపెట్టిందనే మాట, కొందరు ఆంగ్ల రచయితలు తేలికగా అనేసినది, సరి కాదు. 1790లో కారన్వాలిస్ సవరణతో ఆయుధభేదం పోయి హంతకుని ఉద్దేశమే కొలమానమైంది. రెండవ అంశం మరింత ముఖ్యమైనది. సాక్షి అదల్ గలవాడు, అనగా సత్ప్రవర్తన కలవాడు కావలె. తాను కూడా హత్యలో పాల్గొన్నానని చెప్పుకొనేవాడు ఆ మాటతోనే సాక్షిగా అనర్హుడవుతాడు. అప్రూవరు మాటపై మరొకని ప్రాణం తీయడానికి ముఫ్తీలు సమ్మతింపకపోవడం ఇందువల్లనే. దీనిని నాటి ఆంగ్ల అధికారులు అడ్డంకిగా భావించారు. అడ్డంకియే కావచ్చును. కాని ఆ అడ్డంకి అక్కడ ఎందుకు నిలబెట్టబడినదో వారు ఎక్కువగా ఆలోచించినట్లు కానరాదు.

ఇక అసలు కథ నర్మదా తీరానికి మారుతుంది. విలియం స్లీమన్ 1788లో ఇంగ్లండులోని కార్నవాల్‌లో జన్మించిన సైనికాధికారి. 1818లో కంపెనీ వశమైన సాగర్-నర్మదా ప్రాంతంలో ఆయన ఉద్యోగించాడు. ఈ ప్రాంతం కంపెనీ రెగ్యులేషనుల పరిధిలోనిది కాదు. ఇక్కడ ముఫ్తీ లేడు, ఫత్వా లేదు. గవర్నరు జనరల్ ప్రతినిధి ఎఫ్. సి. స్మిత్ విచారించి తీర్పు చెబితే, కలకత్తాలో ధ్రువీకరించేవారు. ముద్దాయి తరఫున వకీలు ఉండడు. చిత్తూరులో తొలగిపోని అడ్డంకి జబల్పూరులో మొదటి నుండీ లేదన్నమాట.

స్లీమన్ వెతికిన ముఠానాయకులలో ముఖ్యుడు ఫిరంగియా అనే జమాదారు. ఇతడు బ్రాహ్మణుడు. ఐరోపా సేనానుల నాయకత్వంలోని పటాలం తమ ఇంటిపై పడిన వేళ తల్లి ఇతనిని కన్నందున ఆ పేరు వచ్చినదని స్లీమన్ వ్రాశాడు. ఎంతకూ చిక్కకపోవడంతో అతని తల్లిని, భార్యను, బిడ్డను నిర్బంధించారు. 1830 చివర ఫిరంగియా పట్టుబడ్డాడు. ప్రాణం కాపాడితే మొత్తం చెబుతానన్నాడు. స్లీమన్ ముందు నమ్మలేదు. ఫిరంగియా ఆయనను సలోహ్దా అనే ఊరి వద్ద మామిడితోపునకు తీసికొనిపోయాడు. ఆ రాత్రి స్లీమన్ దంపతుల గుడారం ఆ తోపులోనే వేయబడింది. తెల్లవారిన తరువాత ఖైదీ చూపిన చోట్ల త్రవ్వించగా, ఏళ్ల క్రిందట చంపి పాతిన పండితుడు, ఆయన అనుచరులు, సిపాయిలు, ఇతరుల అస్థిపంజరాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ఒక గోయి సరిగా గుడారం ఉన్న చోటనే ఉన్నది.

దీనిని విద్యార్థులు శ్రద్ధగా గమనించవలె. ఇది గట్టి సాక్ష్యం. ఖైదీ మాట ఒకటి, దానిని బలపరచే ఎముకలు వేరొకటి. ఎముకలకు క్షమాభిక్షపై ఆశ లేదు. స్లీమన్ ఇంతటితో ఆగలేదు. అప్రూవర్లను వేర్వేరుగా ఉంచి, ఎవరెవరు ఏ సంవత్సరం ఏ దారిన పోయారో చెప్పించి, ఒకరి మాటను మరొకరి మాటతో సరిపోల్చాడు. దోచిన సొమ్ము ఏ వడ్డీవ్యాపారి ఇంట తేలిందో వెతికించాడు. కుటుంబాల వంశవృక్షాలు గీయించాడు, పటాలు తయారు చేయించాడు. వారి గూఢభాష ‘రమాసీ’ మాటలను సేకరించి 1836లో ‘రమాసీయానా’ అనే గ్రంథంగా ప్రచురించాడు. ప్రయాణికులను మాటలలో దించేవానికి ఒక పేరు, ఉరి బిగించేవానికి ఒక పేరు, కాళ్లు చేతులు పట్టేవానికి ఒక పేరు, గోయి త్రవ్వేవానికి ఒక పేరు. పొగాకు తెమ్మని కేక వేస్తే అదియే సంకేతం. ఒక నేరస్థుల పని విభజనను ఇంత వివరంగా నమోదు చేసిన గ్రంథం అంతకు ముందు ఈ దేశంలో లేదు. పోలీసు పరిశోధనా చరిత్రలో స్లీమన్‌కు గల స్థానాన్ని కాదనలేము.

అయితే ఎముకలు చెప్పలేని సంగతులు కొన్ని ఉన్నాయి. చంపినవాడు దేవి ఆజ్ఞ అని నమ్మి చంపాడా, సొమ్ముకై చంపాడా? తండ్రి హంతకుడైతే కొడుకు కూడా హంతకుడు కావలసినదేనా? వీటికి సాక్ష్యం అప్రూవరు నోటిమాట ఒక్కటే. ఆ నోటికి ప్రాణభయం ఉన్నది. చెప్పుతున్నంత కాలమే అతని మెడకు ఉరిత్రాడు దూరం. ఇక్కడ ఒక తేదీ గుర్తుంచుకొనదగినది. 1830 అక్టోబరు మొదటి వారంలో, అనగా ఫిరంగియా పట్టుబడక పూర్వమే, కలకత్తా పత్రికలో పేరు లేని ఒక లేఖ అచ్చయింది. వింధ్యాచలంలోని దేవి ఆలయమే ఠగ్గుల కేంద్రమని, అర్చకులే వారికి ప్రేరకులని ఆ లేఖ సారాంశం. దానిని వ్రాసినవాడు స్లీమన్. మతశాఖ కథ ముందు అచ్చయింది. దానిని చెప్పే నాయకుడు తరువాత దొరికాడు.

రమాసీయానాలోని ప్రశ్నోత్తరాలను చదివితే ఇది స్పష్టపడుతుంది. ముస్లిములైన ఠగ్గులను స్లీమన్, మీ ఖురానులో భవాని ప్రస్తావన కలదా అని ప్రశ్నించాడు. లేదన్నారు. మరి ఆమెను ఎట్లు కొలుస్తారని మరల అడిగాడు. అప్పుడు కొందరు ఫాతిమాయే భవాని అన్నారు. ప్రశ్న తరువాత ప్రశ్న వేస్తూ పోతే ఖైదీ ఏదో ఒక సమాధానం చెప్పక తప్పదు. ఆంగ్లం చదువగల విద్యార్థులకు నా సలహా ఒకటి: ఆ గ్రంథంలోని ప్రశ్నలను మాత్రమే వరుసగా ఒక కాగితంపై వ్రాసికొని చదవండి. సమాధానాలు చాలవరకు వాటిలోనే కనిపిస్తాయి.

ఇట్లని ఈ పూజలన్నీ స్లీమన్ కల్పనయే అనడం కూడా తొందరపాటు. షేర్వుడ్ అంతకు పద్నాలుగేండ్ల ముందే దక్షిణాది ఫాన్సీగర్లు కాళిని, మారియాత్తను కొలుస్తారని వ్రాసి ఉన్నాడు. కాని మారియాత్త అనగా ఎవరు? మన ఊళ్ల పొలిమేరలలోని మారెమ్మ వంటి తల్లియే. రైతు విత్తనం వేసే ముందు మ్రొక్కుతాడు, బండి తోలేవాడు బయలుదేరే ముందు శకునం చూస్తాడు, యుద్ధానికి పోయే సిపాయి ఆయుధానికి పూజ చేస్తాడు. ఠగ్గు తన గునపానికి మ్రొక్కడం, బెల్లం పంచిపెట్టడం ఈ కోవలోనివే. దొంగకు దైవభక్తి ఉండవచ్చును. దానివలన దొంగతనం మతం కాజాలదు. హిందువులు, ముస్లిములు, బ్రాహ్మణులు మొదలు అందరూ ఒకే ముఠాలో కలిసి నడవడం ఒక మతశాఖకు సాక్ష్యం కాదు సరికదా, వారిని కలిపినది సొమ్మేననుటకు సాక్ష్యం. హీరాలాల్ గుప్తా 1959లోను, స్టువర్ట్ గోర్డన్ 1969లోను స్లీమన్ కథను ప్రశ్నించారు. రాధికా సింఘా 1998 నాటి గ్రంథంలో ఈ విచారణల న్యాయపద్ధతిని పరిశీలించారు. 2007లో కిమ్ వాగ్నర్, ముఠాలు నిజం, అఖిలభారత మతశాఖ మాత్రం నిలవదు అనే మధ్యమార్గాన్ని ఆధారాలతో నిరూపించారు. నాకు ఇదియే సమంజసంగా తోస్తున్నది.

అంకెలు కూడా చూడవలె. 1831 నుండి 1837 వరకు పట్టుబడినవారు 3,266 మంది అని, నిజాము కొలువులోని ఫిలిప్ మెడోస్ టేలర్ తన నవల పీఠికలో ఇచ్చిన పట్టిక చెబుతున్నది. ఇందులో ఉరితీయబడినవారు 412, ద్వీపాంతరం పంపబడినవారు 1,059, యావజ్జీవ ఖైదీలు 87 మంది. అప్రూవర్లు 483 మంది. విచారణ జరిగి విడుదలైనవారు 32 మంది మాత్రమే. నాలుగు వందల ఎనభైమూడు మంది నోళ్లు ఒకవైపు, ముప్పది ఇద్దరి విడుదల మరొకవైపు. దీనిపై వ్యాఖ్య అనవసరం. ఉరితీసిన వారిలో ఏడుగురి పుర్రెలను ఎడింబరోకు పంపి, హంతకబుద్ధి ఏ ఎముకలో ఉన్నదో కొలిపించిన ఘనత కూడా ఆ కాలానిదే.

ఈ టేలర్ మన పొరుగువాడే అనవచ్చును. కృష్ణకు ఆవల, సురపురం సంస్థానంలో బాలరాజు పక్షాన ఎన్నో ఏండ్లు పాలన సాగించాడు. 1839లో లండనులో వెలువడిన ఆయన నవల ‘ఒక ఠగ్గు ఒప్పుకోలు’లో కథానాయకుడు అమీర్ అలీ 719 హత్యలు చేసినట్లు చెప్పుకొంటాడు. అది నవల. కాని పాఠకులు చరిత్రగా చదివారు. ఇటువంటిదే బెహ్రాం కథ. ఇతడు 931 మందిని స్వహస్తాలతో చంపి 1840లో ఉరికంబమెక్కినట్లు రికార్డు పుస్తకాలు ప్రచారం చేశాయి. లక్నోలో కెప్టెన్ పేటన్ నమోదు చేసిన వాఙ్మూలంలో అతడు చెప్పినది, 931 హత్యలు జరిగిన చోట్ల తాను ఉన్నానని, తన చేతులతో చంపినది 125 మంది వరకేనని. అదియు అప్రూవరు మాటయే. అతడూ, ఫిరంగియా ఇద్దరూ సాక్ష్యం చెప్పినవారే గాని ఉరికంబమెక్కినవారు కారు. నాయకులు బ్రదికి, వారు చూపిన అనుచరులు ఉరికెక్కడం ఈ విచారణలోని విపరీతం.

శాసనాలు కూడా దీని వెంట నడిచాయి. 1836 నాటి 30వ చట్టం ప్రకారం ఒక వ్యక్తి ఫలానా హత్య చేసినట్లు రుజువు కానక్కరలేదు. ఎప్పుడైనా ఒక ఠగ్గుల ముఠాకు చెందినట్లు తేలితే చాలు, యావజ్జీవ కఠినశిక్ష. 1837లో శిక్ష పడిన ఖైదీల సాక్ష్యానికి గల అభ్యంతరం తొలగింపబడింది. చేసిన పనికి గాక, చెందిన గుంపునకు శిక్ష అనే ఈ సూత్రం ఠగ్గులతో అంతం కాలేదు. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. పుట్టుకతోనే నేరస్థుడు అనే భావన శాసనమైంది. 1911లో అది మద్రాసు రాజధానికి విస్తరించింది. ఎరుకలవారు మొదలైన ఎన్నో కులాలు ప్రకటిత నేరస్థులయ్యాయి. వేలిముద్రలు, హాజరు, అనుమతి లేనిదే ఊరు దాటరాదు. స్టువర్టుపురం పేరు అందరూ విన్నదే. మన కర్నూలు సీమలోనే, నేడు నంద్యాల జిల్లాలో చేరిన ఆత్మకూరు వద్ద, సిద్ధాపురంలో ఇటువంటి సెటిల్మెంటు ఉండేది. అక్కడ పుట్టిన పసిబిడ్డ ఏ మామిడితోపులో ఎవరిని పాతిపెట్టినాడని ఎవరూ అడుగలేదు. మద్రాసు రాష్ట్రం 1947లోను, దేశమంతటా 1952 ఆగస్టు 31నాడును ఈ చట్టం రద్దయింది. చట్టం పోయిన తరువాత కూడా పోలీసు స్టేషన్లలోను, జైళ్లలోను ఆ ముద్ర ఎంతగా మిగిలి ఉన్నదో, 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివితే తెలుస్తుంది. విముక్త జాతులవారిని స్వభావసిద్ధ నేరస్థులుగా పరిగణించే జైలు నిబంధనలను ఆ తీర్పు కొట్టివేసింది. ఆ కులాల పిల్లలు నేడు మన తరగతి గదులలో బల్లలపై కూర్చున్నారు. హాజరు పిలిచేటప్పుడు నేను వారి పేర్లు చదువుతున్నాను.

న్యాయశాస్త్రం చదువదలచిన విద్యార్థులకు మరొక విషయం. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 310వ సెక్షను ఠగ్గును నిర్వచించింది, 311వ సెక్షను శిక్షను చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ రెండూ లేవు. 1872 నాటి సాక్ష్య చట్టం 133వ సెక్షను, ఇతర ఆధారం లేకున్నను సహాపరాధి మాటపై శిక్ష వేయుట చట్టవిరుద్ధం కాదన్నది. అదే చట్టం 114వ సెక్షనులోని ఉదాహరణ మాత్రం, ముఖ్యాంశాలలో బలపరచే ఆధారం లేనిదే అట్టివానిని నమ్మరాదని హెచ్చరించింది. దాని స్థానంలో అదే రోజున వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 138వ సెక్షను, వేరొక ఆధారం బలపరచిన సహాపరాధి సాక్ష్యాన్నే పేర్కొన్నది.